ఒక సభ్యుడు, 613 రోల్ కాల్‌లు: ‘ఓట్‌వ్యూ’ సేవపై సమీక్ష

అమెరికా కాంగ్రెస్‌లో 1789 నుంచి నేటి వరకు పేరు పేరునా నమోదైన ఓట్లన్నిటినీ (వీటినే ‘రోల్ కాల్’ ఓట్లు అంటారు) ఒకచోట చేర్చి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా అందిస్తున్న సేవ ‘ఓట్‌వ్యూ’. దీన్ని వాడుకోవడానికి ఖాతా తెరవనక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు. కీత్ పూల్, హోవర్డ్ రోసెంతాల్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందట మొదలుపెట్టిన ఈ పనిని ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొనసాగిస్తోంది. ఇలాంటి సేవను పైపైన చూసి బాగుందనో బాగాలేదనో తేల్చడం కంటే, ఒక్క సభ్యుణ్ణి ఎంచుకుని ఆయన పోటీ చేసిన ఎన్నికలనూ వేసిన ఓట్లనూ మొదటి నుంచి చివరి వరకు దాని సాయంతో చదవడమే సరైన పరీక్ష అని నాకు అనిపించింది. అందుకు నేను ఎంచుకున్న సభ్యుడు దలీప్ సింగ్ సౌంద్.

సౌంద్ 1899లో అమృత్‌సర్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టారు. 1920లో చదువు కోసం అమెరికా వెళ్లి, 1924 నాటికి బర్క్‌లీలో గణితశాస్త్రంలో డాక్టరేట్ సంపాదించారు. అంత చదువు ఉన్నా ఆ రోజుల్లో భారతీయులకు అక్కడ పౌరసత్వం దొరికేది కాదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఉన్న కొద్దిపాటి ఆశ కూడా పోయింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదని కాలిఫోర్నియా చట్టం చెప్పేది. సౌంద్ ఇంపీరియల్ లోయలో సేద్యం చేస్తూనే పౌరసత్వ హక్కు కోసం భారతీయులను కూడగట్టారు. 1946లో భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించిన లూస్–సెల్లర్ చట్టం వచ్చాక, 1949 డిసెంబరులో ఆయన అమెరికా పౌరుడయ్యారు. 1956 నవంబరులో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిగా కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు ఎన్నికై, ఆసియా సంతతి నుంచి ఆ సభలో ఓటు హక్కుతో కూర్చున్న తొలి వ్యక్తిగా నిలిచారు. భారత సంతతికి చెందిన మరో సభ్యుడు, బాబీ జిందాల్, ఆ సభలో అడుగుపెట్టింది 2005లో గానీ కాదు. అమెరికా చేరాక దాదాపు 29 ఏళ్లు ఓటే లేకుండా బతికిన మనిషి, చట్టసభలో తన ఓటును ఎలా వాడారన్నది తెలుసుకోదగిన విషయమే.

సభ్యుడి ఓట్లను అర్థం చేసుకోవాలంటే ముందు ఆయనకు పడిన ఓట్లు తెలియాలి. ఎంత మెజారిటీతో గెలిచాడు, ఎలాంటి నియోజకవర్గం నుంచి వచ్చాడు, మరుసటి ఎన్నికలో ఎంత ముప్పు ఉంది అన్నవి తెలియకుండా ఒక ‘అవును’కు గానీ ఒక ‘కాదు’కు గానీ బరువు కట్టలేము. ఈ విషయంలో ఓట్‌వ్యూ మనకు పెద్దగా తోడ్పడదు. సభ్యుడి పార్టీ, రాష్ట్రం, నియోజకవర్గం సంఖ్య, సభలో ఉన్న కాలం వరకే అది చెబుతుంది. ఎన్నికల లెక్కల కోసం మరోచోటికి వెళ్లాలి. ప్రతినిధుల సభ క్లర్కు కార్యాలయం 1920 నుంచి ప్రతి కాంగ్రెస్ ఎన్నిక ఫలితాలనూ పుస్తకంగా ప్రచురిస్తూ వచ్చింది, వాటి ప్రతులు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. రాష్ట్రాల వారీగా, నియోజకవర్గాల వారీగా అభ్యర్థుల పేర్లు, పార్టీలు, ఓట్లు మాత్రమే వాటిలో ఉంటాయి. వ్యాఖ్య ఏమీ ఉండదు. ఓట్‌వ్యూ ఈ లెక్కలను సభ్యుడి పుటలోనే ఒక వరుసలో చూపించి ఉంటే చదివేవారికి సగం శ్రమ తప్పేది. నా దృష్టిలో ఈ సేవలో ఉన్న అతి పెద్ద ఖాళీ ఇదే.

1956 లెక్కలు చూడండి. కాలిఫోర్నియా 29వ నియోజకవర్గంలో రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు ఉండేవి. అంతకుముందు దానికి ప్రాతినిధ్యం వహించిన జాన్ ఫిలిప్స్ రిపబ్లికన్. ఆయన తప్పుకున్నాక రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడినది జాక్వెలిన్ కాక్రన్ ఓడ్లం. 1953లో ధ్వని వేగాన్ని మించి విమానం నడిపిన తొలి మహిళగా దేశమంతా తెలిసిన పేరు, భర్త పెద్ద సంపన్నుడు. అంతటి ప్రత్యర్థిపై సౌంద్ సుమారు 3,300 ఓట్ల తేడాతో, అంటే 51.5 శాతం ఓట్లతో గట్టెక్కారు. అదే రోజున దేశాధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ భారీ ఆధిక్యంతో రెండోసారి గెలిచారన్నది గుర్తుంచుకుంటే, రిపబ్లికన్ గాలి వీస్తున్న ఏడాదిలో రిపబ్లికన్ స్థానాన్ని ఒక డెమొక్రాట్, అందునా పౌరసత్వం వచ్చి ఏడేళ్లయినా నిండని వ్యక్తి, గెలుచుకోవడం ఎంతటి పనో తెలుస్తుంది.

ఏడేళ్లు అన్న మాట ఊరికే అనలేదు. ప్రతినిధుల సభలో కూర్చోవాలంటే కనీసం ఏడేళ్లు పౌరుడై ఉండాలని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. సౌంద్ పౌరుడైనది 1949 డిసెంబరులో, సభ కొలువుదీరేది 1957 జనవరిలో. కొద్ది వారాల తేడాతో ఆ షరతు తీరింది. డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆయనకు పోటీగా నిలిచిన కార్ల్ కెగ్లీ ఇదే ఆధారంగా కోర్టుకు వెళ్లి ఆయన పేరును బ్యాలెట్ నుంచి తీయించాలని చూశారు గానీ నెగ్గలేదు. ఇలాంటి అడ్డంకి సౌంద్‌కు కొత్త కాదు. 1950లో వెస్ట్‌మోర్లండ్ పట్టణంలో న్యాయాధికారి పదవికి పోటీ చేసి గెలిచినా, ఎన్నికయ్యే నాటికి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని ఆయనకు ఆ పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ పోటీ చేసి, మళ్లీ గెలిచి, ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈ చరిత్ర ఏదీ క్లర్కు ప్రచురణల్లో కనిపించదు, ఎందుకంటే అవి కాంగ్రెస్ సాధారణ ఎన్నికల ఫలితాలకే పరిమితం. ప్రైమరీలు, స్థానిక పదవులు, కోర్టు వ్యాజ్యాలు వాటి పరిధిలోకి రావు. దీనికి ప్రతినిధుల సభ చరిత్ర విభాగం రాసిన సభ్యుల జీవిత విశేషాలను చూడాలి.

1958లో సౌంద్ సుమారు 62 శాతం ఓట్లతో గెలిచారు. ఈ పెరుగుదల అంతా ఆయన పనితనానికి దక్కిన మెప్పు అనుకోవడం తొందరపాటు అవుతుంది. ఆ ఏడాది దేశవ్యాప్తంగా డెమొక్రాట్లకు ప్రతినిధుల సభలో 49 స్థానాలు పెరిగాయి, కాలిఫోర్నియా గవర్నరు పదవి కూడా వాళ్ల చేతికి వచ్చింది. 1960లో పరిస్థితి వేరు: రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ కాలిఫోర్నియా మనిషి, ఆ రాష్ట్రాన్ని ఆయన స్వల్ప తేడాతో గెలుచుకున్నారు కూడా. అయినా సౌంద్ 57 శాతం దాకా తెచ్చుకున్నారు. నాకు 1958 గెలుపు కంటే ఈ 57 శాతమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే రాష్ట్రంలో గాలి తనవైపు లేనప్పుడు కూడా నియోజకవర్గం ఆయన్ను నిలబెట్టుకుంది. 1962లో నియోజకవర్గాల పునర్విభజన జరిగి ఆయన స్థానం సంఖ్య 38గా మారింది. ఆ ఏడాది మే నెలలో వాషింగ్టన్ వెళ్తుండగా విమానంలోనే ఆయనకు తీవ్రమైన పక్షవాతం వచ్చింది. ప్రచారం చేయలేని స్థితిలో కూడా 44 శాతం ఓట్లు తెచ్చుకుని, రిపబ్లికన్ ప్యాట్రిక్ మార్టిన్ చేతిలో ఓడిపోయారు.

ఇక ఓట్‌వ్యూ సంగతి. పైన ఉన్న వెతికే పెట్టెలో సభ్యుడి పేరు గానీ, బిల్లు విషయం గానీ, కాంగ్రెస్ సంఖ్య గానీ టైపు చేస్తే చాలు. సౌంద్ పనిచేసినది 85, 86, 87వ కాంగ్రెస్‌లలో (ఒక్కో కాంగ్రెస్ కాలం రెండేళ్లు), అంటే 1957 జనవరి నుంచి 1963 జనవరి వరకు. ఈ మూడు కాంగ్రెస్‌లలో ప్రతినిధుల సభ వరుసగా 193, 180, 240 సార్లు పేర్లు పిలిచి ఓట్లు నమోదు చేసింది. మొత్తం 613. ఆరేళ్లకు ఇది చిన్న సంఖ్యే. ఒక్క 2007లోనే అదే సభలో వెయ్యికి పైగా రోల్ కాల్‌లు జరిగాయి. అప్పట్లో ఎలక్ట్రానిక్ బోర్డులు లేవు. క్లర్కు నాలుగు వందల పైచిలుకు పేర్లను ఒక్కొక్కటిగా పిలవాలి, జవాబివ్వని వాళ్ల పేర్లను రెండోసారి పిలవాలి, సభ్యుడు లేచి నోటితో జవాబు చెప్పాలి. మీటలు నొక్కి ఓటు వేసే పద్ధతి 1973లో మొదలైంది. అందుకే 1950ల నాటి రోల్ కాల్ ప్రతి దాని వెనకా ‘ఇది పేర్లతో నమోదు కావలసినంత ముఖ్యమైనది’ అని సభ్యులు పట్టుబట్టిన సందర్భం ఉంటుంది.

సేవ రూపకల్పనలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఓటును నమోదు చేసిన తీరు. ఓటంటే ‘అవును’, ‘కాదు’ అనే రెండే కావని దీన్ని కట్టినవాళ్లకు బాగా తెలుసు. దించుకునే దత్తాంశంలో (డేటాలో) ప్రతి ఓటుకూ 1 నుంచి 9 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే అవును, 6 అంటే కాదు. 2, 5 అంకెలు ‘పెయిర్’ ఓట్లను సూచిస్తాయి: సభకు రాలేని సభ్యుడు తనకు వ్యతిరేక అభిప్రాయం ఉన్న మరో సభ్యుడితో జోడీ కట్టుకుని, ఇద్దరి ఓట్లూ ఒకదానితో ఒకటి కొట్టుకుపోయేలా ఒప్పందం చేసుకోవడం అన్నమాట. 3, 4 అంకెలు ఓటు వేయకపోయినా తన వైఖరిని ప్రకటించిన వాళ్లవి. 7, 8 సభలో ఉండి ఎటూ వేయని వాళ్లవి, 9 ఓటు వేయని వాళ్లది. పెయిర్ ఓటు మొత్తం లెక్కలోకి రాదు గానీ, ఆ మనిషి ఎటు నిలబడ్డాడో మాత్రం తేటతెల్లం చేస్తుంది. చాలాచోట్ల ఈ తేడాలన్నిటినీ ‘గైర్హాజరు’ అనే ఒక్క గంపలో వేసేస్తారు. ఇక్కడ అలా జరగలేదు.

దగ్గరగా చూడటానికి ఒక్క ఓటును తీసుకుందాం. 1957 జూన్ 18న పౌర హక్కుల బిల్లు, హెచ్.ఆర్. 6127, ప్రతినిధుల సభలో 286–126 తేడాతో ఆమోదం పొందింది. అంతర్యుద్ధం వెంటనే వచ్చిన పునర్నిర్మాణ కాలం తర్వాత కాంగ్రెస్ చేసిన మొదటి పౌర హక్కుల చట్టానికి ఇది తొలి మెట్టు. నల్లజాతి పౌరుల ఓటు హక్కును కాపాడటానికి కేంద్ర న్యాయశాఖ కోర్టుకు వెళ్లే అధికారం ఇవ్వడం ఈ చట్టంలో ముఖ్యాంశం. ఓట్‌వ్యూలో ఈ ఓటు పుట తెరిస్తే ముందుగా అమెరికా పటం కనిపిస్తుంది, నియోజకవర్గాల హద్దులు ఆనాటివే. దక్షిణాది రాష్ట్రాలు ఒక రంగులో, మిగతా దేశం మరో రంగులో దాదాపు గీత గీసినట్టు విడిపోతాయి. కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న 29వ నియోజకవర్గం అవును వైపు ఉంటుంది. రిపబ్లికన్లు 168–19గా, డెమొక్రాట్లు 118–107గా చీలారు. అంటే సౌంద్ సొంత పార్టీ దాదాపు నిట్టనిలువునా రెండయింది, అందులో ఆయన 118 మందిలో ఒకరు. 3,300 ఓట్ల తేడాతో గెలిచి సభలో అడుగుపెట్టి ఆరు నెలలైనా నిండని కొత్త సభ్యుడు వేసిన ఓటు ఇది. సెనేట్‌లో మార్పులకు లోనైన ఆ బిల్లు ఆగస్టు 27న తిరిగి ప్రతినిధుల సభకు వచ్చినప్పుడు 279–97తో ఆమోదం పొందింది. 1960 నాటి పౌర హక్కుల చట్టానికి కూడా సౌంద్ అనుకూలంగానే ఓటు వేశారు.

పటం కింద ఉండే చుక్కల బొమ్మ ఈ సేవకు ప్రాణం. సభ్యులందరూ ఒక తలంపై చుక్కలుగా పరుచుకుని ఉంటారు. అడ్డం దిశలో ఎడమ నుంచి కుడికి ఉదారవాదం నుంచి సంప్రదాయవాదం వరకు, నిలువు దిశలో ఆ కాలపు ప్రాంతీయ, జాతిపరమైన విభేదాలు. ఎవరు ఎవరితో కలిసి ఎన్నిసార్లు ఓటు వేశారన్న దాన్ని బట్టే ‘నామినేట్’ అనే గణిత పద్ధతి ఈ స్థానాలను లెక్కిస్తుంది. బిల్లులో ఏముందో దానికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా. మామూలు ఆర్థిక విషయాల్లో అవును, కాదు పక్షాలను విడదీసే గీత పార్టీల మధ్య నిలువుగా నిలబడుతుంది. పౌర హక్కుల ఓట్లలో అదే గీత వాలిపోయి డెమొక్రాట్ల చుక్కలనే రెండు గుంపులుగా కోస్తుంది. పాఠ్యపుస్తకం పది పుటల్లో చెప్పే సంగతిని ఈ బొమ్మ ఒక్క చూపులో చెప్పేస్తుంది. అయితే ఈ స్థానాన్ని సభ్యుడి మనసు అనుకోకూడదు. అది ఆయన ఓట్ల పొందిక మాత్రమే. పైగా ప్రధానమైన లెక్కలో సభ్యుడి పదవీకాలం మొత్తానికి ఒకే స్థానం ఇస్తారు కాబట్టి, మధ్యలో ఎవరైనా మారితే ఆ మార్పు చదునైపోతుంది. కాంగ్రెస్ కాంగ్రెస్‌కూ విడిగా చూపే మరో లెక్కను కూడా దత్తాంశంలో ఇచ్చారు, అది చూడటం మంచిది. సౌంద్ స్వయంగా గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఈ పద్ధతిని చూసి ఉంటే ఆసక్తిగా పరిశీలించేవారనే అనుకుంటాను.

ఇంతవరకు మెచ్చుకున్నదంతా మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాను. కానీ ఈ సేవను నమ్ముకుని సౌంద్ చరిత్ర రాయబోయేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన పరిమితి ఒకటుంది. అది సేవ నడిపేవాళ్ల లోపం కాదు, ఆనాటి సభ నియమాల లోపం. ప్రతినిధుల సభ ముఖ్యమైన బిల్లులపై సవరణలను చర్చించేటప్పుడు సభ మొత్తం ఒక కమిటీగా మారి కూర్చుంటుంది. 1970 నాటి సంస్కరణ చట్టం వచ్చేదాకా ఈ కమిటీలో వేసిన ఓట్లను పేర్లతో నమోదు చేసేవారు కారు. మూజువాణి ఓటు, లేచి నిలబడితే లెక్కపెట్టడం, లేదా సభ్యులు నడవాలో ఒకరి వెంట ఒకరు నడుస్తూ వెళ్తుంటే లెక్కించేవాళ్లు తలలు లెక్కపెట్టడం: ఈ మూడే పద్ధతులు. ఎంతమంది అటు, ఎంతమంది ఇటు అన్నది తెలుస్తుంది. ఎవరు ఎటు అన్నది తెలియదు. బిల్లు అసలు స్వరూపం తేలేది సవరణల దగ్గరే అయినా, ఆ ఓట్ల తాలూకు పేర్లు మాత్రం చరిత్రకు దక్కలేదు.

సౌంద్ విషయంలో ఈ ఖాళీ చాలా పెద్దది. 1961లో అధ్యక్షుడు కెన్నెడీ విదేశీ సహాయ విధానాన్ని మార్చాలని సంకల్పించారు. పేద దేశాలకు దీర్ఘకాలిక అభివృద్ధి రుణాలు ఇవ్వడానికి ఐదేళ్ల పాటు వందల కోట్ల డాలర్ల మేర నేరుగా ఖజానా నుంచి అప్పు తీసుకునే అధికారం కోరారు. ఏటా కాంగ్రెస్ ముందుకు వచ్చి నిధులు అడగనక్కర లేకుండా, భారతదేశం వంటి దేశాల పంచవర్ష ప్రణాళికలకు ముందుగానే మాట ఇవ్వగలగాలన్నది ఆ కోరిక వెనక ఉన్న వాదం. ఆ ఆగస్టులో ఈ అప్పు అధికారాన్ని బిల్లు నుంచి తొలగించే సవరణను ప్రతిపాదించినది మరెవరో కాదు, విదేశీ వ్యవహారాల కమిటీ సభ్యుడైన సౌంద్. నిధుల మంజూరుపై ఏటేటా కాంగ్రెస్‌కు ఉండే అదుపు పోకూడదన్నది ఆ సవరణ సారం. తన పార్టీ అధ్యక్షుడి ప్రధాన కోరికకు ఎదురు నిలిచిన ఆ సవరణ కొద్దిపాటి తేడాతో నెగ్గింది. చివరికి చట్టమైన రూపంలో కూడా కెన్నెడీ అడిగిన అప్పు అధికారం లేదు. ఏటా కాంగ్రెస్ నిధులు మంజూరు చేయవలసిందే. అమెరికా విదేశీ సహాయం నడిచే తీరును మలిచిన ఈ నిర్ణయం సౌంద్ శాసనసభా జీవితంలోకెల్లా ప్రభావం గలది అని నా అభిప్రాయం. దానితో అందరూ ఏకీభవించనక్కరలేదు, ఆ సవరణ మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. కానీ ఆయన పేరుతో ఉన్న ఓట్ల జాబితాలో ఆ సవరణ ఓటు ఉండదు, ఎందుకంటే అది కమిటీగా కూర్చున్న సభలో జరిగినది. ఆ జాబితాను మాత్రమే చదివినవాళ్లకు సౌంద్ పార్టీ గీత దాటని సాధారణ డెమొక్రాట్‌గా తోస్తారు. అది సత్యం కాదు.

దీనికి విరుగుడు కాంగ్రెస్ రికార్డు సంపుటాలు. 1957 నాటి చర్చలు 103వ సంపుటంలో, 1961 నాటివి 107వ సంపుటంలో ఉంటాయి. ప్రభుత్వ ముద్రణ సంస్థ వీటిని స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఓట్‌వ్యూలో ఓటు తేదీ పట్టుకుని ఆ సంపుటంలో అదే తేదీకి వెళ్తే, ఎవరు ఏం మాట్లాడారు, ఏ సవరణ ఎన్ని ఓట్లతో పడిపోయింది, ఎవరు ఎవరితో పెయిర్ కట్టారు అన్నవన్నీ కనిపిస్తాయి. చిన్న అక్షరాల మూడు వరుసల అచ్చు కళ్లకు శ్రమ కలిగించే మాట నిజమే అయినా, ఆ శ్రమకు తగిన ఫలం ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: సభ్యులు తమ ప్రసంగాలను అచ్చుకు ముందు సవరించుకోవడానికి, సభలో చదవని మాటలను చేర్చుకోవడానికి సంప్రదాయం అనుమతించేది. రికార్డులో ఉన్న ప్రతి మాటా సభలో వినిపించిందని అనుకోనవసరం లేదు. ఓట్ల విషయంలో ఆ సందేహం ఉండదు.

రెండో పరిమితి గైర్హాజరుకు సంబంధించినది. 1962 ఆగస్టు 27న, ఓటు వేయడానికి పన్ను కట్టాలన్న షరతును కేంద్ర ఎన్నికల నుంచి తొలగించే 24వ రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభ 295–86తో ఆమోదించింది. సౌంద్ ఆ రోజు ఓటు వేయలేదు. 1957లోనూ 1960లోనూ ఓటు హక్కు చట్టాల వైపు నిలబడిన మనిషి, ఓటు హక్కు కోసం సగం జీవితం పోరాడిన మనిషి, ఇంత ముఖ్యమైన సవరణకు దూరంగా ఉన్నాడేమిటని కొత్తగా చూసేవాళ్లకు సందేహం రావచ్చు. మే నెలలో వచ్చిన పక్షవాతం ఆయన్ను మళ్లీ సభకు రానివ్వలేదన్నది అసలు కారణం. దత్తాంశంలో 9 అంకె ఓటు వేయలేదని మాత్రమే చెబుతుంది. జబ్బు పడినవాడికీ, ప్రచారంలో తిరుగుతున్నవాడికీ, ఇబ్బంది తప్పించుకోవడానికి కావాలని బయటికి వెళ్లినవాడికీ అదే అంకె. హాజరు శాతాలను పక్కపక్కన పెట్టి సభ్యులను పోల్చే వ్యాసాలు తరచూ కనిపిస్తుంటాయి. 87వ కాంగ్రెస్‌లో సౌంద్ శాతాన్ని ఈ నేపథ్యం చెప్పకుండా వాడితే అది ఆయనకు అన్యాయం చేయడమే అవుతుంది.

వాడుకలో ఉన్న చిన్న ఇబ్బందులను కూడా చెప్పాలి. పాత ఓట్ల వివరణలు చాలావరకు క్లుప్తంగా, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ‘బిల్లును కమిటీకి తిప్పి పంపే తీర్మానం’ లాంటి వాటికి ‘అవును’ అంటే బిల్లును దెబ్బతీయాలనుకోవడం కాబట్టి, వివరణ పూర్తిగా చదవకుండా రంగు చూసి తీర్మానించుకుంటే సభ్యుణ్ణి తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదముంది. 1957లో పౌర హక్కుల బిల్లుపైనే అలాంటి తీర్మానం వచ్చి వీగిపోయింది. సేవ అంతా ఇంగ్లీషులోనే ఉంది. పటాలూ చుక్కల బొమ్మలూ పెద్ద తెర మీద చూస్తేనే అందం.

భారతదేశంలో ఇదే పని చేయాలనుకునే తెలుగు పాఠకులకు దారి కొంచెం వేరుగా ఉంటుంది. 1951–52 నుంచి మన ఎన్నికల సంఘం ఇచ్చిన ఫలితాల నివేదికలు, లోక్‌సభ చర్చల స్కాన్ ప్రతులు రెండూ అందుబాటులో ఉన్నాయి. ఎన్నికల చరిత్ర వరకు ఏ లోటూ లేదు. ఓట్ల చరిత్ర దగ్గరే తేడా వస్తుంది. మన సభల్లో అధిక భాగం నిర్ణయాలు మూజువాణి ఓటుతో తేలిపోతాయి, ఎవరైనా డివిజన్ అడిగితేనే పేర్లు నమోదవుతాయి. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను ధిక్కరించిన సభ్యుడు సభ్యత్వమే పోగొట్టుకునే పరిస్థితి ఏర్పడింది కాబట్టి, డివిజన్‌లో పేరు ఉన్నా అది ఆ మనిషి నిర్ణయమని చెప్పడం కష్టం. 1950ల నాటి సభ్యులకు ఆ కట్టడి లేదు. ఆ కాలపు డివిజన్ జాబితాలను చర్చల ప్రతుల్లోంచి ఎత్తి రాసి, ఇలా వెతుక్కునే రూపంలో పెట్టగలిగితే ఆంధ్ర, హైదరాబాద్ ప్రాంతాల నుంచి తొలి లోక్‌సభకు వెళ్లిన వాళ్ల గురించి ఎంతో కొత్తగా తెలుసుకోవచ్చు. అమెరికాలో స్థిరపడి అక్కడ ఓటు వేస్తున్న తెలుగువాళ్లకు మరో సూచన: ఓట్‌వ్యూ కాంగ్రెస్‌కే పరిమితం. రాష్ట్ర శాసనసభల్లో మీ ప్రతినిధి ఎలా ఓటు వేశారో తెలుసుకోవాలంటే ఆయా రాష్ట్రాల శాసనసభల రికార్డులనే ఆశ్రయించాలి.

విద్యార్థులకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ సేవను నేను ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను. దత్తాంశం మొత్తాన్ని పట్టికల రూపంలో దించుకునే వీలుంది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. 85, 86, 87వ కాంగ్రెస్‌ల ఫైళ్లు తీసుకుని సౌంద్ వరుసలను మాత్రం వేరుచేస్తే స్ప్రెడ్‌షీట్‌లో సులభంగా పట్టేంత చిన్న పట్టిక వస్తుంది. పార్టీలో ఎక్కువమంది ఒకవైపు ఉండగా ఆయన మరోవైపు ఉన్న ఓట్లు ఏవి, అవి ఏ విషయాలపై వచ్చాయి, ఎన్నికల ఏడాదిలో ఎక్కువా, మిగతా ఏడాదుల్లో ఎక్కువా అన్న ప్రశ్నలకు విద్యార్థులు స్వయంగా జవాబు వెతుక్కోవచ్చు. ఆ పట్టిక పక్కనే 1956, 1958, 1960, 1962 ఎన్నికల అంకెలను మరో వరుసలో చేత్తో రాసుకోమనాలి. ఆ తర్వాత 107వ సంపుటంలో 1961 ఆగస్టు నాటి విదేశీ సహాయ చర్చను తెరిపించి, పట్టికలో లేని ఓటును వెతికి పట్టుకోమనాలి.